నాలుగో టేబుల్‌కి రెండు టీ

నా గువ్వపిల్లకు,

అమ్మ రాస్తున్నాను. ఉత్తరం చూడగానే గుండె పట్టుకోకు, ఎవరికీ ఏమీ కాలేదు. ఫోనులో చెప్పగలిగే మాటైతే ఫోనులోనే చెప్పేదాన్ని. మనదేమో రెండు గదుల ఇల్లు, మీ నాన్న ఎప్పుడూ పక్కనే ఉంటారు. ఆయనకి గొంతు తగ్గింది గానీ చెవులు మాత్రం పాము చెవులే. అందుకని ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు కాస్త, కునుకు తీసినప్పుడు కాస్త రాస్తున్నాను. నాది మూడో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకుని చదువుకో. ముందు నువ్వు వేళకి తింటున్నావో లేదో రాయి. మొన్న పంపిన ఫొటోలో మెడ ఎముకలు కనిపించాయి, అప్పట్నించీ నాకు అదే దిగులు.

మీ నాన్న సంగతి నువ్వు చూసి వెళ్ళాక ఇంకాస్త ముదిరింది. చేతుల వణుకు సరే, అది అలవాటైపోయింది. ఇప్పుడు కాళ్ళు కూడా మాట వినడం లేదు. గదిలో బాగానే నడుస్తారు, గడప దగ్గరికి రాగానే అరికాళ్ళకి జిగురు పూసినట్టు ఆగిపోతారు. నడుం పైన మనిషి ముందుకి వంగుతాడు, నడుం కింద మనిషి కదలడు. చెయ్యి పట్టుకుని లాగుతాను, "జాగ్రత్త, జాగ్రత్త" అంటూనే ఉంటాను. గొంతు కూడా లోపలికి పోయింది. హోటల్లో ముప్పై ఏళ్ళు సర్వరుగా పనిచేసి, హాలంతా గోలగోలగా ఉన్నా వంటగదిలోకి వినిపించేలా ఆర్డరు చెప్పిన మనిషి, ఇప్పుడు పక్కన కూర్చున్నవాళ్ళకే వినపడరు. ఎవరేం అడిగినా ఆయన బదులు నేనే చెప్పేస్తున్నాను.

పోయిన నెల డాక్టరమ్మ మందులన్నీ చూసి, "వీటితో పాటు ఆటా పాటా కూడా కావాలి పెద్దమ్మా. లైబ్రరీ వెనక హాల్లో పొద్దున్నే నేర్పుతారు, తీసుకెళ్ళండి" అంది. వేళాకోళం చేస్తోందనుకున్నాను. నిలబడలేని మనిషిని డాన్సు చెయ్యమనడమేమిటి? పడితే ఎవరు ఎత్తుతారు? అయినా డాక్టరు మాట కదా, తీసుకెళ్ళాను. అక్కడ మన బాపతే అందరూ. పక్షవాతం వచ్చి ఒక చెయ్యి పనిచెయ్యని మాస్టారున్నారు. చక్రాల కుర్చీలో వచ్చే టైలరమ్మ ఉంది. లైబ్రరీ ఊడ్చే ఆవిడ కూతురు, బడికి వెళ్తుంది గానీ బళ్ళో నోరు విప్పని పిల్ల, అదీ ఉంది. నేర్పే టీచరు నిండా పాతికేళ్ళు లేని అమ్మాయి, మెడలో చిన్న డప్పు. ఇంటి డాబా మీద పిల్లలు ఆడుకుంటున్నట్టు ఉంటుంది తప్ప, అది క్లాసులాగే ఉండదు.

మొదటి రోజే నన్ను బయట కూర్చోబెట్టింది గువ్వా! "అమ్మమ్మా, ఏమీ అనుకోకండి. మీరు జాగ్రత్త అన్న ప్రతిసారీ తాతయ్య ఆగిపోతున్నారు. కాసేపు వరండాలో కూర్చుంటారా?" అంది. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన ముఖం చూస్తే కోపంగానూ లేదు, జాలిగానూ లేదు. వెళ్ళి బల్ల మీద కూర్చున్నాను, కిటికీలోంచి కనిపిస్తారు కదా అని.

ఆ అమ్మాయి ఒక్కొక్కరినీ వాళ్ళు చేసిన పనిలోంచి ఒక కదలిక చూపించమంది. టైలరమ్మ గుడ్డ చింపినట్టు చెయ్యి విసిరింది. మాస్టారు బోర్డు తుడిచారు. మీ నాన్న వంతు వచ్చింది. ఆయన నోరు తెరవక ముందే నా నోటికి సమాధానం వచ్చేసింది, కాకపోతే నేను వరండాలో ఉన్నాను, వినేవాళ్ళు లేరు. అప్పుడు ఆయన కుడి చెయ్యి భుజం దాకా ఎత్తి, అందులో ట్రే ఉన్నట్టు పట్టుకుని, "నాలుగో టేబుల్‌కి రెండు టీ! ఒకటి పంచదార లేకుండా!" అన్నారు. ముందు గాలిలాగే వచ్చింది. ఆ అమ్మాయి దానికి డప్పు మీద వరస కట్టి అందరిచేతా అనిపించింది. మళ్ళీ అన్నారు. ఇంకోసారి అన్నారు. మూడోసారి నేను కూర్చున్న చోటికి వినిపించింది. నీ చిన్నప్పుడు ఇంటికొచ్చి "గువ్వకి ఒక ముద్దు, ఉప్పు లేకుండా" అని అరిచేవారే, అదే గొంతు. అలా అంటూనే, తాళం తప్పకుండా, ఆ నోరు విప్పని పిల్ల పక్కన నడుచుకుంటూ హాలు గడప దాటి వరండాలోకి వచ్చేశారు. ఆగలేదు! నా ముందునుంచే వెళ్ళారు!

ఎంత పొంగిపోయానో చెప్పలేను. ఇంటికొచ్చాం. చెయ్యి పట్టుకుని వంటగదిలోకి తీసుకెళ్తుంటే గడప దగ్గర మళ్ళీ బిగుసుకుపోయారు. నేనూ డప్పులాగా డబ్బా కొట్టి చూశాను. లాభం లేదు. రోజూ ఇదే వరస. అక్కడ నడుస్తారు, ఇక్కడ నా చేతిలో ఆగిపోతారు. పరాయి పిల్లతో నడిచే మనిషి నాతో నడవలేకపోతే ఏమనుకోవాలి? ఆయన జబ్బు సగం నేనే అని నాకు అర్థమైంది. నా దిగులు నా నోట్లోంచి వెళ్ళి ఆయన కాళ్ళకి చుట్టుకుంటోంది.

నువ్వూ అల్లుడూ ఏడాదిగా అడుగుతున్నారు కదా, నాన్నని మా దగ్గర ఉంచండి అని. మీ ఇంట్లో గడపలు లేవు, మీ ఊళ్ళోనూ ఇలాంటి హాలు ఉందన్నావు. వచ్చి తీసుకెళ్ళు. నేనిక్కడ ఉంటాను. నేనూ వస్తే నాతో పాటు ఇదంతా అక్కడికీ వస్తుంది. ఆయనకి ఇంకా చెప్పలేదు. నువ్వు ఏడవకు, నేను ఏడవడం లేదు. కాగితం మీద మరక మంచినీళ్ళది.

ఎక్కడున్నా నీ గురించే ఆలోచించే
మీ అమ్మ

~

నా తల్లీ,

నీ జవాబు అందింది. నెలాఖరుకి కారు తీసుకుని వస్తానన్నావు, మంచిది. రాత్రిపూట ప్రయాణం మాత్రం పెట్టుకోకు. "నాన్నకి నువ్వే చెప్పమ్మా" అని రాశావు. రోజూ చెబుదామనే అనుకుంటాను. ఆయనేమో గడ్డం గీయించుకుంటూ కూడా కూనిరాగం తీస్తుంటారు. కత్తి పట్టుకున్నది నేను, ఎక్కడ తెగుతుందోనని నా భయం. ఇక ఆ సమయంలో ఏం చెబుతాను?

ఇక్కడొక విశేషం జరిగింది. చెప్పకుండా ఉండలేను. ఆ నోరు విప్పని పిల్ల రోజూ మీ నాన్న పక్కనే నిలబడుతుంది. ఆయన సర్వరు, అది వంటగది. ఆయన ఆర్డరు అరిస్తే అది చప్పట్లు కొట్టి ట్రే అందించినట్టు చెయ్యాలి. ఒకరోజు ఆయన కావాలనే తప్పు చెప్పారు, "రెండు టీ, రెండూ పంచదార లేకుండా" అని. పిల్ల ఠక్కున నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఒకటే!" అంది. ఊడుస్తున్న వాళ్ళమ్మ చీపురు పడేసి పరుగెత్తుకొచ్చింది. మీ నాన్న మాత్రం ఏమీ జరగనట్టు, "తప్పైంది మేడం, ఒకటే" అన్నారు. తరవాతి వారం బళ్ళో హాజరు పిలిస్తే ఆ పిల్ల పలికిందట. వాళ్ళమ్మ నా రెండు చేతులూ పట్టుకుని, "మీ ఆయన చలవమ్మా" అంది. నేనేం చేశాను, వరండాలో కూర్చున్నాను. అయినా ఆ సాయంత్రం కూరలకి వెళ్ళి కనిపించినవాళ్ళందరికీ చెప్పాను, మా ఆయన, మా ఆయన అని.

టీచరమ్మాయి నన్ను కూడా లోపలికి రమ్మంటోంది. "జాగ్రత్త అనకుండా ఉండగలిగితే చాలు" అంటుంది. దానికంటే నన్ను ఊపిరి పీల్చకుండా ఉండమంటే నయం. వెళ్ళలేదు.

ఆయన స్వెట్టర్లూ చొక్కాలూ పెట్టెలో సర్దుతుంటే చూసి, "ఎక్కడికే?" అన్నారు. "ఇస్త్రీకి" అన్నాను. తలూపి ఊరుకున్నారు. ఒక్కదానికే బియ్యం ఎంత పొయ్యాలో చూద్దామని నిన్న కొలిచాను. గ్లాసు అడుగు కూడా నిండలేదు. అంత తక్కువ ఉడుకుతాయా అసలు?

దారిలో తినడానికి ఏమైనా పెట్టుకుని బయలుదేరు.

నీ రాక కోసం చూస్తూ, రావద్దనీ అనుకుంటూ,
అమ్మ

~

గువ్వా, నా బంగారూ,

ముందే చెబుతున్నాను, ఇది మంచి ఉత్తరం. కూర్చుని చదువు.

బుధవారం ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ నడిపించి చూసి, వణుకు పోదు గానీ నడక కుదుటపడిందనీ, గొంతు బాగా లేచిందనీ, మందులు మానకుండా హాలు కూడా మానొద్దనీ చెప్పింది. బయటికొస్తే ఆటో ఒక్కటీ లేదు. బస్సు వచ్చింది. నాకు వద్దనిపించినా ఆయన బయలుదేరారు. ఒక కాలు మెట్టు మీద పెట్టారు. రెండోది రోడ్డుకి అతుక్కుపోయింది. నా చేతిలో ఆయన చెయ్యి, వెనక జనం.

"ఏంటి తాతా, ఎక్కుతావా, ఇక్కడే కాపరం పెడతావా?" అని ఒకడు.

"కాస్త లాగండి మామ్మా, మేం చేరేసరికి మా డ్యూటీ అయిపోతుంది" అని లోపల కిటికీ పక్క సీట్లోంచి ఇంకొకామె.

కండక్టరు లోపలినుంచి, "పెద్దాయనా, బస్సు మిమ్మల్ని తీసుకెళ్ళడానికే వచ్చింది, ఫొటోలకి కాదు!" అన్నాడు.

లాగబోయాను. ఆయన చెయ్యి నా చేతిలో కర్రలా బిగుసుకునుంది. ఎందుకో తెలీదు, వదిలేశాను. వదిలేసి, ఇన్నేళ్ళలో నలుగురి ముందు గొంతెత్తి ఎరగనిదాన్ని, చప్పట్లు కొడుతూ అరిచాను. "నాలుగో టేబుల్‌కి రెండు టీ!" నా గొంతు నీకు తెలుసుగా, తలుపు కిర్రుమన్నట్టుంటుంది. అందరూ నవ్వారు. నవ్వనీ అని మళ్ళీ అరిచాను. కండక్టరు బస్సు రేకు మీద తాళం వేస్తూ, "ఒకటి పంచదార వేసా, లేకుండానా?" అన్నాడు. అంతే! మీ నాన్న కాలు లేచింది. మెట్టు, ఇంకో మెట్టు. లోపలికెక్కి వెనక్కి తిరిగి, డ్రైవరుకి కూడా వినిపించేలా, "లేకుండా! మా ఆవిడకి కిటికీ పక్కన సీటు ఒకటి!" అన్నారు. డ్యూటీ అయిపోతుందన్నామె తన సీటే ఇచ్చింది.

కూర్చున్నాక నాకు ఏడుపాగలేదు. "నేను చెయ్యి వదిలేశాకే ఎక్కారు. అయితే నా చెయ్యే మీకు అడ్డమన్నమాట" అన్నాను.

ఆయన నా వైపు తిరిగారు. "పిచ్చిదానా. నేనొక్కణ్ణే పడితే నేనొక్కణ్ణే పడతాను. నీ చెయ్యి పట్టుకుని పడితే నువ్వూ పడతావు. నీ నడుం ఎముక గుల్లబారిందని డాక్టరమ్మ చెప్పినప్పుడు నేనక్కడే ఉన్నాను కదే. గడప దగ్గరికొచ్చేసరికి అదే గుర్తొస్తుంది. ఇక కాళ్ళు కదలవు. ఆ పిల్లకేం, పడితే బంతిలా లేస్తుంది."

మన ఇంట్లో దిగులు పడే ఉద్యోగం నాదొక్కదానిదే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఈయన చప్పుడు చెయ్యకుండా అదే ఉద్యోగం చేస్తున్నారు!

"మరి చెప్పరేం?" అన్నాను.

"నాకు గొంతెక్కడిది? ఉన్నా నువ్వు చెప్పనిస్తేగా" అన్నారు నవ్వుతూ. మళ్ళీ ఆయనే, "ఇస్త్రీవాడు స్వెట్టర్లు కూడా చేస్తున్నాడా ఈమధ్య?" అన్నారు. పెట్టె సంగతి ఆయనకి ముందే తెలుసు. నేను విసిగిపోయానేమో, తను అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతే నాకైనా సుఖంగా ఉంటుందనుకుని అడగకుండా ఊరుకున్నారట. చూడు తల్లీ, ఒకరి మేలు కోసం ఒకరం ఎంత పని చేసుకోబోయామో! బస్సులోనే అంతా చెప్పేశాను. మా స్టాపు దాటిపోయింది, మళ్ళీ ఇంకో బస్సు ఎక్కాం. రెండోసారి కండక్టరు అవసరం పడలేదు.

మర్నాడు నేను కూడా హాలు లోపలికి వెళ్ళాను. జాగ్రత్త అన్న మాట నాలిక చివరిదాకా వచ్చేది. వచ్చినప్పుడల్లా దాని బదులు పాట అందుకోమంది టీచరమ్మాయి. ఆ లెక్కన అందరికంటే ఎక్కువ నేనే పాడుతున్నాను. బిగిసిన నా మోకాళ్ళు కూడా కాస్త వదులయ్యాయి. ఇద్దరం చేతులు పట్టుకోకుండా ఎదురెదురుగా నడుస్తాం. గడప దగ్గర నేను వెనక ఉండి తాళం వేస్తాను, ఆయన దాటుతారు. ఒక్కోసారి ఇప్పటికీ ఆగిపోతారు. ఆగినప్పుడు నేనూ ఆగుతాను, లాగను. కాసేపటికి నడుస్తారు.

అందుకని నాన్నని తీసుకెళ్ళడానికి రావద్దు. ఊరికే రా. నెలాఖరుకే రా, ఆఫీసుకి సెలవు పెట్టి, అల్లుణ్ణీ తీసుకుని. ఉదయం హాలుకి వచ్చి మాతో నిలబడు. రోజంతా కుర్చీలో కూర్చునేదానివి, నీ నడుముకీ మంచిది. పెట్టె విప్పేశాను. స్వెట్టర్లు మళ్ళీ అలమారలో పెట్టాను.

ఇవాళ ఆసుపత్రి నుంచి హాలుకి కొత్త పేషెంట్లు వస్తున్నారట. వాళ్ళకి పాట ఎత్తి చూపించడానికి మీ నాన్నని కాస్త ముందుగా రమ్మంది టీచరమ్మాయి. మీ నాన్ననే! చొక్కా గుండీలు పెట్టాను, తల దువ్వాను. నేనూ చెప్పులు వేసుకోబోతే, "నువ్వు తీరిగ్గా రా, నేను వెళ్తాను" అన్నారు. వద్దని అనలేదు నేను. తలుపు దగ్గర నిలబడి, ఆయన మెట్లు దిగేదాకా నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. తరవాత లోపలికొచ్చి కూర్చుని నీకు ఇది రాస్తున్నాను. రాస్తున్నంతసేపూ కిటికీ దగ్గరికి వెళ్ళలేదు. సరే, ఒక్కసారి వెళ్ళాను. వీధి మలుపు దగ్గర ఉన్నారు. కొత్త మనిషెవరో ఎదురొస్తే పక్కకి తప్పుకుని, ఒంటిచేత్తో ట్రే పట్టుకున్నట్టు భుజం వంచి, దారిచ్చి, తిన్నగా వెళ్ళిపోయారు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదమ్మా.

చెప్పులు వేసుకుని బయలుదేరుతున్న
మీ అమ్మ