గాజు కప్పులో టీ

కుందలహళ్ళి, బెంగళూరు,
ఆదివారం.

శైలజక్కకు నమస్కారాలతో తమ్ముడు నాగేంద్ర రాసేది. నేను క్షేమం, నా కోపం కూడా క్షేమం. నువ్వు, బావ, పండు కదిరిలో బాగున్నారని తలుస్తాను. ఫోనులో అయితే అరుస్తానని ఉత్తరాలు రాయమన్నావు. కాగితం మీద అరవడం నాకింకా చేతకాలేదు, మంచిదే.

నువ్వడిగినవాటికి జవాబులు. వేళకు తింటున్నాను. దగ్గు తగ్గింది. పండుకు లెక్కలు రాలేదని కొట్టవద్దు. నాకూ రాలేదు, అయినా రోజంతా ఇనుప కంబీలు కొలిచి కట్టే బతుకుతున్నాను. "ఇంజనీరు దగ్గర ఏం మాట్లాడావు?" అన్నదానికి మాత్రం చివర చెబుతాను.

మా పనిచోట ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదని రాశాను కదా. చీకటి పడేదాకా నీళ్లు తాగకుండా పని చేస్తారు. ఆ సంగతి మాట్లాడడానికి ఇద్దరిని ఎన్నుకున్నారు. సంఘం కరపత్రాలన్నీ చదివినవాణ్ణని నన్ను, ఆడవాళ్ల తరఫున మార్తను. మార్తది కర్నూలు పక్క, ఇటుకలు మోస్తుంది. సంతకం పెట్టడం నేనే నేర్పాను.

ఆమె మీద నాకెంత అసూయో నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. మూడేళ్లుగా నేను పంచిన కరపత్రాల్లో పల్లీలు పొట్లం కట్టుకున్న మనుషులే, ఆమె నోరు తెరిస్తే పార పక్కన పెట్టి వింటారు. ఆమె నవ్వినా నాకు మంట. నేను చదివిన సమానత్వమంతా ఆ మంట దగ్గర పనికిరాలేదక్కా.

పోయిన వారం మేమిద్దరం ఇంజనీరు గది నుంచి బయటికి రాగానే ఆడవాళ్లంతా ఆమె చుట్టూ మూగారు. చివర్లో మార్త ఒక్కతే మాట్లాడడం కిటికీలోంచి చూసినట్టున్నాడు, రామాంజనేయులు మేస్త్రి నా భుజం తట్టి, "ఏం రా నాగేంద్రా, అన్ని కాగితాలు సదివినావు గదా, నోరు యాడ మరిసొచ్చినావు?" అన్నాడు. అందరూ నవ్వారు.

"నోరు యాడికీ పోలేదు మేస్త్రీ. టీ తాగినోళ్లు మాట్లాడినారు, తాగనోళ్లు మాట్లాడలే."

"టీ ఏందిరా?"

"గాజు కప్పులో, ఇంజనీరు టేబులు మీద. ఆయమ్మనే అడుగు."

మాకొక కట్టుబాటు ఉంది. పైవాళ్లతో మాటలకు పోయినచోట మంచినీళ్లు కూడా ముట్టకూడదు, ముట్టినవాళ్లు అమ్ముడుపోయినట్టే. దాన్ని కరపత్రంలో చదివి మావాళ్లకు చెప్పింది నేనే. సాయంత్రానికల్లా మార్తతో మాట్లాడేవాళ్లు లేరు. రేపు సోమవారం మాటలకు ఆమె రానక్కర్లేదన్నారు. ఆమె నావైపు ఒకసారి చూసి ఇటుకల తట్ట ఎత్తుకుంది, అంతే.

ఇక నువ్వడిగింది. నేనేమీ మాట్లాడలేదక్కా. చల్లటి గది, మెరిసే నేల, దాని మీద నా చెప్పుల సిమెంటు ముద్రలు. పది రోజులు కంఠస్థం చేసిందంతా పోయింది. పదో అంతస్తులో కంబీ మీద నిలబడేవాణ్ణి, ఆ నేల మీద నిలబడలేకపోయాను. నేను దీనికి పనికొస్తానా అన్న అనుమానం అక్కడ పట్టుకుంది, ఇంకా వదల్లేదు. అప్పుడు మార్త, "సారూ, మా తమ్మునికి గొంతు ఎండిపోయినాది, ఒక టీ ఇప్పియ్యండి" అంది.

టీ వచ్చింది. కట్టుబాటు గుర్తొచ్చి నేను ముట్టలేదు. ఇంజనీరు నన్నే చూస్తున్నాడు. "మావోనికి వేడి పడదులే సారూ" అని మార్త కప్పు తానే అందుకుంది. రెండు గుక్కలు తాగి అడిగింది: "మీ ఇంట్లో ఆడోళ్లు పొద్దు గుంకేదాకా ఓర్చుకుంటారా? మావోళ్లు ఓర్చుకుంటా ఉండారు." ఆయన తల దించుకుని, సోమవారం రండి, తేలుద్దాం అన్నాడు.

ఆ టీ ఎవరికోసం తెప్పించిందో మార్త ఈనాటికీ ఎవరికీ చెప్పలేదు. చెబితే నేను బెదిరిపోయిన సంగతి బయటపడుతుంది కదా.

ఈ సాయంత్రం అందరూ షెడ్డు ముందు చేరతారు. పొద్దున మార్త దగ్గరికి పోయి, అందరి ముందూ చెబుతానన్నాను. "మళ్లీ గొంతు ఎండితే?" అంది, తట్ట దించకుండానే.

కాగితం తీసుకుపోవడం లేదు. చెప్పాల్సింది మూడు మాటలే: ఆ టీ నాది. పొద్దున్నుంచీ వల్లె వేస్తున్నాను.

ఇట్లు,
నీ దగ్గర అక్షరాలు దిద్దుకున్న తమ్ముడు,
నాగేంద్ర