చల్లని బంతి

ఒరేయ్ గోడా, నా ప్రాణమిత్రుడా,

నిన్ను దాటి గోల్ కొట్టినవాడు లేడనే కదా నీకీ పేరు పెట్టాను! ఇప్పుడు నా కోసం అడ్డం నిలబడాలి. ఫుట్‌బాల్ సంఘానికి అధ్యక్షుణ్ణయిన దగ్గర్నుంచి పత్రికలవాళ్ళు నన్ను ఉతికి ఆరేస్తున్నారు. స్టేడియం కాంట్రాక్టు తినేశానట, టీవీ హక్కులు అమ్ముకున్నానట! వచ్చే నెల మళ్ళీ ఎన్నిక. జట్ల పేర్లు బంతుల్లో పెట్టి, కప్పు పోటీలో ఎవరితో ఎవరు ఆడాలో లాటరీ తీస్తాం. తీసేది నువ్వే. నీ చెయ్యంటే ఎవడూ నోరెత్తడు.

ఒక్క మాట. సిమెంటు ఫ్యాక్టరీ జట్టుకి బలహీనమైన పోస్టాఫీసు జట్టు తగిలేలా, పోస్టాఫీసు పేరున్న బంతిని నా శత్రువులు ఐసులో పెట్టించారట. నింద నా మీద తోస్తారు. సిమెంటువాళ్ళ వంతులో చేతికి చల్లగా తగిలినదాన్ని వదిలెయ్. నా పరువు నీ చేతిలో ఉంది.

నీ కెప్టెన్

ప్రియమైన కెప్టెన్,

ఆ లైట్ల కింద ముచ్చెమటలు పట్టాయిరా. సిమెంటు జట్టు వంతు వచ్చినప్పుడు ఒక బంతి నిజంగానే జిల్లుమంది. పక్కకి నెట్టి ఇంకోటి తీశాను. ఇంటికొచ్చి, మావాడి పరువు నిలబెట్టానని మా ఆవిడ దగ్గర గొప్పలు పోయాను కూడా.

కానీ రాత్రి పడుకున్నాక తట్టింది, ఆఖరికి డబ్బాలో మిగిలింది ఆ చల్లని బంతే. అక్కడ విప్పినప్పుడు అందులో ఉన్నది పోస్టాఫీసు కాదు, రేవు జట్టు! సిమెంటువాళ్ళని చిత్తు చెయ్యగలిగింది వాళ్ళొక్కళ్ళేగా. పొరబడ్డానని ఒక్క ముక్క రాయి, నమ్మేస్తాను.

నీ గోడ

గోడా,

ఎంత అమాయకుడివిరా! సగం ఓట్లు సిమెంటాయన గుప్పిట్లో ఉన్నాయి. ఆయన జట్టు మొదటి ఆటలోనే ఇంటికెళితే నేనూ ఇంటికే. నిజం చెబితే ఒప్పుకుంటావా నువ్వు? అందుకే రేవు బంతిని నేనే ఐసులో పెట్టించి, ఆ కథ అల్లాను. ఏమంత కొంప మునిగిందిప్పుడు? నేను గెలిచాక గోల్‌కీపర్ల కోచ్ పదవి నీదే. నోరు మాత్రం విప్పకు. డబ్బాలో చెయ్యి పెట్టింది నువ్వు, నేను కాదు. ఇది చదివి చింపెయ్.

నీ మేలు కోరే కెప్టెన్

అధ్యక్షులవారికి,

'మీరు' అని రాద్దామని కూచున్నాను. చెయ్యి రావడం లేదు.

రేవు జట్టు దగ్గరికి వెళ్ళి, చల్లని బంతిని కావాలనే వదిలేశానని చెప్పేశాను. "మీరు కూడానా మాస్టారూ?" అని వాళ్ళ కెప్టెన్ మొహం తిప్పుకున్నాడు. పత్రికల్లో నన్ను దొంగన్నారు. మా ఆవిడ తలెత్తుకుని బజారుకి వెళ్ళలేకపోతోంది. ఇంత జరిగినా, ఎవరు చెయ్యమన్నారంటే నీ పేరెత్తలేదు. నువ్వే వచ్చి ఒప్పుకుంటావని చూశాను, పిచ్చివాణ్ణి. నిన్న టీవీలో ఏమన్నావు? "ఆ మనిషితో నాకు పెద్దగా పరిచయం లేదండీ."

గుండె పగిలిందిరా. ముందే నిజం చెప్పి అడిగుంటే కాదనేవాణ్ణి, నోటికొచ్చినట్టు తిట్టేవాణ్ణి, ఆ తర్వాత నీకు ఓట్లెయ్యమని నీ వెంటే ఊరంతా తిరిగేవాణ్ణి.

నీ రెండు ఉత్తరాలూ ఇవాళ, ఈ లాటరీ మీద వేసిన విచారణ సంఘానికి ఇచ్చేశాను. పైకి చదివిన పెద్దాయన కళ్ళజోడు తీసి, "మీరిద్దరూ ఇంత దగ్గరివాళ్ళా?" అన్నాడు.

అవునండీ అన్నాను. ఆ గదిలో నాకు ఏడుపు ఆగనిది అప్పుడే.

ఇట్లు,
నీకు పరిచయం లేని మనిషి