సప్పుడు ఆగితే

సూరత్

అక్కా,

నీకు, బావకు దండాలు. నీ మోకాళ్లెట్లున్నయ్? బావ బీపీ గోలీలు ఏసుకుంటున్నడా, లేక కాకరకాయ రసమే వైద్యమని మళ్ల మొండికేసిండా? నేను బాగనే ఉన్న, ఫికర్ చెయ్యకు. ఫోన్ల చెప్తే నేను అరుస్త, నువ్వు ఏడుస్తవ్. అందుకే రాస్తున్న. ఇది తెచ్చినాయన హసన్‌పర్తి ఖలీల్ భాయ్, నాతోటి పనిచేస్తడు. ముందుగాల ఆయనకు మంచినీళ్లియ్యి, తర్వాత చదువు.

ఇక్కడ ఎండకంటె ఉక్కపోత ఎక్కువ. మెస్సుల పప్పుల బెల్లం ఏస్తరక్కా! షుగరున్నోళ్లకు సుత అదే పప్పు. నీ పచ్చిపులుసు యాదికొచ్చి ముద్ద దిగదు.

ఒక్కొక్కరికి ఆరు పవర్‌లూమ్‌లు, పొద్దంత నిలబడుడే. ఖలీల్ భాయ్ షుగర్ సంగతి దాచుకున్నడు, తెలిస్తే తీసేస్తరని. కాలి పుండు మానలే. దానెంబడి మనాది, మనసు రోగం, పట్టుకుంది. తినడు, మాట్లాడడు, లూమ్ ముంగట నిలబడి ఎటో చూస్తడు. మేనేజర్‌కు చెప్తే, "షుగరంటే నమ్ముత. మనాదేంది? డ్రామా!" అన్నడు. పొద్దంత నిలబెట్టి తీపి పప్పు పెట్టేది వీళ్లు, రోగం మాత్రం మనం ఇంటినుంచి తెచ్చుకున్నమంట!

అప్పుడు మన కాశిబుగ్గ గల్లీ కండ్లముందటికొచ్చింది. అమ్మ పోయినంక నాయిన మగ్గం గుంటల దిగలే. తెల్లారే గోడ అవుతలనుంచి లచ్చక్క అరిచింది, యాదికుందా? "ఏందే పిల్లా, మీ ఇంట్ల మగ్గం సప్పుడు లేదు?" జొన్నరొట్టె పట్టుకొచ్చి, నాయిన పక్కన కూసోని నూలు కండెలు సుట్టింది. "నెయ్యకు బావా, ఊకె కూసో" అన్నది.

పాతరోజులు బంగారమంటలేను. ఆ గుంటలనే నాయినకు దమ్ము పట్టింది, కూలి పెంచమంటే సేట్లు మొఖం తిప్పుకున్నరు. కానీ మనిషి ఆగితే చేతిమగ్గం ఆగేది, గల్లీకి తెలిసేది. ఈ పవర్‌లూమ్ మనిషి లోపల కూలిపోయినా నడుస్తనే ఉంటది.

పోయిన వారం నా ఆరు లూమ్‌లు బంద్ చేసిన. మేనేజర్ ఉరికొచ్చిండు.

"ఎందుకాపినవ్?"

"ఖలీల్ భాయ్ ఎన్నడో ఆగిపోయిండు, నువ్వు రాలే. మగ్గం ఆగంగనే వచ్చినవ్!"

పక్కనున్న ఒడిశా ఆయన సుత తన లూమ్‌లు బంద్ చేసిండు. అప్పుడు దొరికింది ఖలీల్ భాయ్‌కు సెలవు. "నయమైతేనే రావాలె" అన్నరు. పాడుచేసేది వాళ్లు, నయం చేసుకునేది మనమా? ఈ కొట్లాట ఒడువలే, ఇంక నడుస్తనే ఉంది. నా పని ఉంటే ఉంటది, పోతే పోతది.

ఆయనకు ఇంట్ల చెప్పనీకి సిగ్గు. నువ్వు, బావ ఇద్దరు ఆయనెంబడి ఇంటికి పోయి ఆయన భార్యకు, మన వదినకు చెప్పున్రి: ఇది రోగం, తప్పు కాదని. దవాఖానకు తోల్కపోండ్రి. కాలికి ఒక్కటే కాదు, మనాదికి సుత డాక్టరుంటడు. జర ఓపిక పట్టున్రి.

నేను బాగనే ఉన్ననని రాసిన గదా? ఖలీల్ భాయ్ సుత ఇంటికి గదే చెప్పేటోడు. అందుకే ఆదివారం నా ఫోన్ రాకపోతే, పనిల ఉన్నడేమో అనుకోకు. నువ్వే చెయ్యి. లచ్చక్క లెక్కనే అడుగు, "ఏందిరా, సప్పుడు లేదు?" అని.

గల్లీల పెద్దలందరికి నా దండాలు చెప్పు. నీ చెయ్యి నా నెత్తిమీద ఉండాలె.

నీ తమ్ముడు
సాంబయ్య