చీపురు నేను పట్టితిని, శిక్ష కుర్రవాడికా?

జిల్లా బాలల న్యాయస్థానం న్యాయమూర్తి గారి సముఖమునకు,
మొగలిలంక గ్రామ గ్రంథాలయ కమిటీ అధ్యక్షుడు గోపాలకృష్ణంరాజు సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: బాలుడు దుర్గాసాయిని బాలనేరస్థుల హోముకు పంపుచు జువెనైల్ బోర్డు వారిచ్చిన ఉత్తర్వుపై అప్పీలు.

1. పదో తరగతి చదువుచున్న సదరు బాలుడు నా బుల్లెట్టు బండిని నన్నడగకుండా తీసుకొని, ఎవరో బీరు తెమ్మన్నారని యానాం పోయి, తిరుగు ప్రయాణంలో కాలువలో దించెను. ఫిర్యాదు ఇచ్చినది నేనే. అప్పుడు వాణ్ణి నిలువునా చీరేయాలన్నంత కోపం వచ్చిన మాట వాస్తవము.

2. బోర్డు వారు దయతో, ప్రతి ఆదివారము గ్రామ గ్రంథాలయము ఊడ్చి పుస్తకముల దుమ్ము దులుపవలెనని శిక్ష విధించిరి. ఆ గ్రంథాలయము మా ఇంటి ముందుగదిలోనే ఉన్నదని వారెరుగరు. నేనూ చెప్పలేదు. నా బుద్ధి గడ్డి తిన్నది.

3. మా ఇండ్లలో గుమ్మం ఎక్కిన మనిషిని భోజనం పెట్టకుండా పంపు ఆచారము లేదు. చంటిపిల్లలనైనా 'మీరు' అనే అంటాము. కావున మొదటి ఆదివారము నేను "అబ్బాయిగారూ, వీలైతే కాస్త చీపురు పట్టుకుంటారా అండి" అని మనవి చేసుకొంటిని. నా భార్య సూర్యకాంతమ్మ లోపలినుంచి వచ్చి "ఏవండీ, మన గుమ్మంలోకొచ్చిన పిల్లాడి చేత ఊడిపిస్తారా? నలుగురూ వింటే నవ్విపోరూ?" అని నన్ను గదమాయించి, అతనికి విస్తరి వేసెను. గది ఎవరో ఒకరు ఊడ్వవలెను గదా. నేను ఊడ్చితిని. "తమరు కానివ్వండి, నాకేం తొందర లేదండి" అని కుర్రవాడు రొయ్యల ఇగురు కలుపుకొనెను. తరువాతి ఆదివారములన్నీ ఇదే వరుస.

4. తనిఖీకి వచ్చిన ప్రొబేషన్ అధికారి గణేష్‌బాబు గారు చీపురుతో నన్ను, విస్తరి ముందు బాలుని చూచిరి. వారికీ వడ్డించితిమి. పులస దొరకలేదు, కొరమేను పులుసే. తృప్తిగా తిని, "శిక్ష అమలు కాలేదు, పైగా బాలుడు ఒళ్లు చేసెను" అని నివేదిక రాసిరి. అబద్ధమని నేననను. దానిమీద బోర్డు వారు కుర్రవాణ్ణి ఏడాది పాటు హోముకు పంపమనిరి. సోమవారం తీసుకుపోతారట. పరీక్షలు పోయినట్లే.

5. బాలుని తల్లి బేబీ, రొయ్యల షెడ్డులో పనిచేయు మనిషి, నిన్న మా గేటు పట్టుకొని "రాజుగారండీ, ఆ రోజే మా వోడికి నాలుగు తగిలించినా బాగుండేదండి. అన్నం పెట్టి పెట్టి నా బిడ్డని జైలుకి పంపేత్తన్నారండి" అన్నది. అయ్యా, లోపలికి వచ్చి భోజనం చేయమన్నాను. రాలేదు. మా ఇంటి దాకా వచ్చి తినకుండా వెళ్లిన మొదటి మనిషి ఆమె.

6. కావున, ఊడ్వవలసినదంతా ఊడ్వబడినది గనుక, నా ఊడ్పును బాలుని ఊడ్పుగా పరిగణించి సదరు ఉత్తర్వు రద్దు చేయవలెను. ఇంకను శిక్ష మిగిలియున్నదందురా, మర్యాద తెలియని ఊరేదైనా చూచి అక్కడ ఊడిపించవలెను. మా జిల్లాలో దొరకదు.

తమరు పెద్దమనసుతో చిత్తగింతురని ప్రార్థించుచు,

తమ విధేయుడు, నడుము పట్టేసినవాడు,
గోపాలకృష్ణంరాజు

తా.క.: అయ్యా, ఇవాళ ఆదివారం కాకపోయినా కుర్రాడు వచ్చాడండి. ఎవరూ చెప్పకుండానే చీపురు తీసుకుని, నేను ఊడ్చిన గదినే మళ్లీ మూలమూలలా ఊడుస్తున్నాడు. ఏడుస్తున్నాడు కూడా. సూర్యకాంతమ్మ వంటింట్లో గడియ వేసుకుని, పిల్లాడికి మంచినీళ్లయినా ఇవ్వకుండా గుండె రాయి చేసుకుని కూర్చుంది. ఇంకెంతసేపో మా వల్ల కాదండి. సోమవారంలోగా ఎవరినైనా పంపి చూడమనండి. వచ్చినవారికి భోజనం పెట్టం, ఒట్టు. కాఫీ ఒక్కటి మాత్రం కాదనకూడదండి.