నవ్వే బొమ్మ

మంగళవారం రాత్రి, సూర్యాపేట

తమ్ముడు వెంకటయ్యను పిచ్చి దవాఖాన నుంచి ఇంటికి పంపేటప్పుడు అక్కడి కోదాడ కుర్ర డాక్టరు వాడి ఫోన్లో ఒక యాప్ వేసిచ్చాడు. రోజూ పొద్దున అది "ఎలా ఉన్నారు?" అని అడుగుతుంది. నవ్వే బొమ్మో, ఏడ్చే బొమ్మో నొక్కాలి. మనిషి మనసు గురించి నేను నలభై ఏళ్లు చదివిన పుస్తకాలన్నీ రెండు బొమ్మలకు సరిపోయాయన్నమాట.

వాడు మళ్లీ నిద్రపోవడం లేదు. మాత్రలు దిండు కింద దాస్తున్నాడు. మిర్యాలగూడ వెళ్లే వడ్ల లారీలు తనకోసమే వస్తున్నాయని కిటికీలు మూస్తున్నాడు. ఇవాళ డాక్టరుకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను.

"యాప్‌లో ఆయన రోజూ బాగున్నాననే పెడుతున్నారు కదండీ. వచ్చే నెల తీసుకురండి చాలు" అన్నాడు ఆ కోదాడ పెద్దమనిషి. నా మాట కంటే బొమ్మ మాట మీద ఆయనకు గురి.

తమ్ముణ్ణి నిలదీశాను. "నవ్వే బొమ్మ ఎందుకు నొక్కుతున్నవ్‌రా?"

"గంత పెద్ద డాక్టరు సారు ఫోన్ల పొద్దుగాల్నే మంచిచెడ్డ అడుగుతుండు. బాగలేనంటే పరేషాన్ కాడా? ఇన్ని పుస్తకాలు సదివినవ్, గీ మర్యాద తెల్వదా అన్నా?"

ఫోన్ లాక్కుని ఏడ్చే బొమ్మ నేనే నొక్కాను. "గట్టిగా ఊపిరి పీల్చుకోండి" అని వచ్చింది. అంతే.

సాయంత్రం పక్కింటి యాదయ్య గేటు దగ్గర ఆగి అడిగాడు. "సార్, తమ్ముడు ఎట్లున్నడు?"

"బాగున్నడు" అన్నాను. నా వెనకాల ఇంకో కిటికీ మూసుకుంది.