అడుగున ఉన్న చొక్కా

తేదీ 9, ఆదివారం, పొద్దున్న

మా పిచ్చుకకి,

అమ్మ ముద్దులతో రాసేది. నేను క్షేమం, నువ్వూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను అని ముందు రాయాలి కదా. కానీ నువ్వు బాగాలేవని మీ గదిలో ఉండే అమ్మాయి మంగళవారం ఫోన్ చేసి చెప్పింది. వార్డులో ఎవరికో సెలైన్ సీసా మారుస్తూ నువ్వే కూలబడ్డావట. మంచం మీద ఉన్న రోగే బెల్లు నొక్కి మనుషుల్ని పిలవాల్సి వచ్చిందట. నీ డ్యూటీ కాక ఇంకో ఇద్దరి డ్యూటీలు కూడా నువ్వే చేస్తున్నావట. పట్టుకెళ్లిన అన్నం డబ్బా మూతైనా తియ్యకుండా తిరిగి తెస్తున్నావట. ఆ పిల్ల మీద కోప్పడకు. ఒట్టు పెట్టి నేనే చెప్పించాను.

ఫోన్‌లో అడక్కుండా ఈ ఉత్తరం ఏమిటంటావు. ఫోన్‌లో నువ్వు డ్యూటీ ఉందమ్మా అంటావు, నేను సరేలే రేపు చేస్తానంటాను. మనిద్దరిదీ ఒకటే జబ్బు. నాది అయిదో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకుని చదువుకో. కాగితం కొలతల పుస్తకంలోంచి చింపాను. వెనకవైపు ఎవరిదో నడుము నలభై నాలుగు అని ఉంటుంది, అమ్మ ఇంత లావైందా అని హడలిపోకు.

ఇక్కడి కబురు చెప్తాను. నేను కుట్టడానికి కొత్త బట్టలు తీసుకోవడం మానేశాను. మంగళవారం ఆ ఫోన్ పెట్టేసి మిషన్ ముందు కూర్చుంటే కాలు ఆడలేదు. చుట్టూ మూటలు. లెక్కపెడితే ముప్పై ఒకటి. ఒక్కో మూటకి గుచ్చిన చీటీ మీద నా రాతే, అన్నీ దాటిపోయిన తేదీలే. నా సంగతి నీకు తెలియనిదా. మీ నాన్న పోయాక, వచ్చిన పని పొమ్మంటే మళ్లీ రాదన్న భయం పట్టుకుంది. ఎవరు గుడ్డ తెచ్చినా కుదరదు అనే మాట నోట రాదు. రేపు రండి అంటాను. రేపు వస్తే ఎల్లుండి అంటాను. అమ్మ క్యాలెండర్‌లో ఇవాళ అనే గడి అచ్చు పడలేదే చెల్లీ అని మీ అన్న వ్యాను ఎక్కుతూ వెక్కిరించేవాడు, గుర్తుందా.

బుధవారం నుంచి ఆ మూటలన్నీ ఇంటింటికీ మోసుకెళ్లి ఇచ్చేశాను. మాటలు పడ్డాను. బ్యాంకు మేనేజరు భార్య, కుట్టలేనిదానివి మూడు నెలలు ఎందుకు దాచావు, పొదిగి పిల్లల్ని చేద్దామనా అంది. న్యాయమే కదా, నాకే నవ్వొచ్చింది. వీధి చివరి పెద్దాయన మూట చూసి కళ్లజోడు సర్దుకున్నాడు. రెండేళ్లుగా నీ రేపు కోసమే బతికున్నానమ్మా, ఇప్పుడు నాకింకేం పని అన్నాడు. కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాడు.

శుక్రవారం స్కూలు గుమాస్తా వచ్చాడు. నలభై యూనిఫాం చొక్కాలట, పది రోజుల్లో కావాలట, ఎప్పుడూ నువ్వే కదక్కా అన్నాడు. రేపు అనే మాట గొంతుదాకా వచ్చింది. మింగేశాను. కుదరదు తమ్ముడూ, నేను కుట్టను అన్నాను. ఆయన నమ్మలేదు. గుడ్డ బల్ల మీద పడేసి వెళ్లబోతుంటే, నేనే ఎత్తుకెళ్లి ఆయన స్కూటర్ మీద పెట్టి వచ్చాను. ఇంత చిన్న మాట యాభై మూడేళ్లు నోట్లోనే ఉండిపోయింది.

మూటలన్నీ పోయాక అడుగున రెండు మిగిలాయి. ఒకటి నీ తెల్లకోటు. చేతులు పొడుగున్నాయి, అంగుళం తగ్గించమ్మా అని పోయినేడు ఇచ్చి వెళ్లావు. రెండోది అన్నయ్య నీలం గళ్ల చొక్కా. దానికి ఒక్క గుండీ కుట్టాలి, అంతే. మనవాళ్లు ఎక్కడికి పోతారులే అని మీ బట్టలు ఎప్పుడూ అడుక్కి తోసేదాన్ని, పైన ఊళ్లోవాళ్లవి పేర్చేదాన్ని. నీ కోటు పూర్తయింది, దీంతోపాటే పంపుతున్నాను. అన్నయ్య గుండీ కూడా కుట్టాను. రెండు నిమిషాలు పట్టింది.

ఇప్పుడు నువ్వూ నాలాగే పేర్చుకుంటున్నావు. ఎవరు సెలవు కావాలన్నా నేనున్నాగా అంటున్నావట. ఎందుకో నాకు తెలుసు. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి అన్నయ్య ఫోన్ చేస్తే, నువ్వు వార్డులో ఉండి కట్ చేశావు. ఆరింటికి నువ్వు తిరిగి చేసేసరికి ఎత్తడానికి వాడు లేడు. ఇక్కడున్న వారం రోజులూ గోడ వైపు తిరిగి ఒకటే మాట అన్నావు.

“నేనే చంపుకున్నానమ్మా.”

అప్పటినుంచి ఎవరు పిలిచినా పరుగెత్తుతున్నావు. నూరుమంది పిలుపులకి పలికినా ఆ ఒక్క పిలుపు తిరిగి రాదు తల్లీ. వాళ్ల డ్యూటీలు వాళ్లకి ఇచ్చెయ్యి. మాటలంటారు, అననీ. పడితే ఒంటికేమీ అంటుకోదని ఈ వారమే నేర్చుకున్నాను. నీ పని నువ్వు చెయ్యి, మిగతా పొద్దంతా నీ ప్రాణం నువ్వు చూసుకో.

ఇట్లు,
రేపు అనడం మానేసిన
మీ అమ్మ

తా.క. ఉత్తరం మడిచి కవరులో పెట్టి మళ్లీ తీశాను. అసలు మాట రాయకుండా పంపితే ఇదీ ఇంకో మూటే అవుతుంది.

ఆ రోజు అన్నయ్య వ్యాను తియ్యలేదు. పొద్దున్న పదింటికి ఎడమ చెయ్యి రుద్దుకుంటూ మిషన్ పక్కన నిలబడ్డాడు. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది అన్నాడు.

“డాక్టరు దగ్గరికి తోడొస్తావా అమ్మా?”

అప్పుడూ ఆ స్కూలు చొక్కాలే. నా పళ్ల మధ్య దారం ఉంది. తలెత్తలేదు. రేపు వెళ్దాం నాన్నా, ఈలోపు చెల్లినడుగు, దానికి తెలుస్తుంది అన్నాను. అది డ్యూటీలో ఉంటుందిలే, ఎందుకు అన్నాడు. నాలుగింటికి మళ్లీ వచ్చి నిలబడితే విసుక్కున్నాను, ఫోన్ చెయ్యమన్నానా లేదా అని. అందుకని నీకు చేశాడు.

అన్నయ్య నీకేమైనా చెప్పాడా అమ్మా అని తర్వాత నువ్వు నా రెండు చేతులూ పట్టుకుని అడిగావు. ఎవరినీ కాదనలేని నేను, నీతో మాత్రం లేదు అన్నాను. ఏమీ చెప్పలేదన్నాను. నాలుగు నెలలుగా నా మూట నీ నెత్తిన పెట్టి, నువ్వు కుంగిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. నువ్వు ఎత్తనిది ఒక్క ఫోన్. పదింటి నుంచి నాలుగింటి దాకా ఆరు గంటలు, అవన్నీ నావి.

ఇది చదివాక నా మొహం చూడనంటే చూడకు. రానంటే రాకు. అమ్మ కదా అని మొహమాటపడి సరే అనొద్దు. జవాబు రాయకపోయినా ఫర్వాలేదు. ఇవాళ ఆ డబ్బా మూత తియ్యి. కడుపునిండా తిను.