కారు వెనక అద్దం మీద కులం పేరు

శుక్రవారం, ఐరాల

తమ్ముడు కొత్త కారు వెనక అద్దం మీద మా కులం పేరు పెద్ద అక్షరాలతో రాయించుకొచ్చాడు. ఊళ్లో ఇప్పుడు చాలా బండ్ల మీద ఏదో ఒక కులం పేరు కనిపిస్తోంది.

సాయంత్రం ఎదురింటి లక్ష్మికి నొప్పులు మొదలైతే, చిత్తూరు ఆసుపత్రికి తీసుకెళ్లడానికి తమ్ముడే కారు తెచ్చాడు. లక్ష్మిని ఎక్కించాక ఆమె అత్త మాత్రం ఆ అక్షరాలు చూసి తలుపు దగ్గరే ఆగిపోయింది.

"నేనూ ఎక్కచ్చునా సామీ?"

"అదేం మాట పెద్దమ్మా, ఎక్కు!" అన్నాడు వాడు.

ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. వాడు మాత్రం ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

"బిడ్డ బాగుండాది గదరా, ఇంకేం?" అన్నాడు నాయన.

వాడి బాధ నాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ వాణ్ణి 'ఒరే అబ్బోడా' అని పిలిచే మనిషి, ఇవాళ 'సామీ' అంది.